తొమ్మిది సెకన్ల మాట

నూకరాజు ఒక్క మాట పైకి అనడానికి తొమ్మిది సెకన్లు పట్టేది.

ఒకప్పుడు ఆ తొమ్మిది సెకన్లలో అతను ఒక బుట్ట వంజరం చేప అమ్మేసేవాడు. కాకినాడ కుంభాభిషేకం రేవులో పొద్దున్నే బోట్లు ఒడ్డుకి చేరగానే చేపల వేలం మొదలయ్యేది. ఇరవై ఏళ్ళుగా ఆ వేలం పాట నడిపింది నూకరాజే. ఒకటోసారి, రెండోసారి అంటూ అతని గొంతు పరిగెడుతుంటే కొనేవాళ్ళు ఊపిరి తీసుకోవడం మరిచిపోయేవారు. రెండేళ్ళ కిందట ఒక ఉదయం పాట మధ్యలో అతని నాలుక మొద్దుబారింది. చేతిలో ఉన్న చేప జారి కింద పడింది, దాని పక్కనే అతనూ పడ్డాడు. మెదడు కింది భాగంలో రక్తం గడ్డకట్టిందన్నారు డాక్టర్లు. ప్రాణం దక్కింది. చూపూ, వినికిడీ, తెలివీ మిగిలాయి. మింగడం కొంత తిరిగొచ్చింది. కాళ్ళూ చేతులూ నోరూ మాత్రం పోయాయి. రెప్ప ఒకసారి ఆర్పితే అవును, రెండుసార్లు ఆర్పితే కాదు. ఎవరైనా అడిగితే జవాబు చెప్పగలడు గాని, తనంతట తాను ఏదీ చెప్పలేడు.

ఝాన్సీ అతని మేనమామ కూతురు, భార్య. మెయిన్ రోడ్డులో లాప్‌టాప్‌లు బాగుచేసే షాపు నడిపేది. మంచం పక్కన రోజంతా ఉండాల్సి రావడంతో షాపు మూసేసి, పనిముట్లన్నీ ఇంటి ముందుగదిలోకి తెచ్చుకుంది.

మాటల టోపీ వాళ్ళ ఇంటికి వచ్చింది విశాఖపట్నంలోని ఒక పరిశోధనశాల నుంచి. అక్కడ డాక్టర్ హైమవతి అనే ఆవిడ పదేళ్ళుగా దాని మీదే పనిచేస్తోంది. మనిషి మాట్లాడాలనుకున్నప్పుడు, నోరు కదలకపోయినా, నోటిని కదిలించే మెదడు భాగం తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఆ అలికిడిని టోపీ పట్టుకుంటుంది. కంప్యూటర్ దాన్ని మాటగా మార్చి పలుకుతుంది. రెండు నెలలు నూకరాజుని అక్కడే ఉంచి కంప్యూటర్‌కి అతని మెదడు తీరు నేర్పారు. రేవులో ఎవరెవరో ఫోన్లలో తీసిన వీడియోలు పోగుచేసి, అతని గొంతునే దానికి పెట్టారు. అంతలో పరిశోధనకి వచ్చే నిధులు ఆగిపోయాయి. ప్రోగ్రాం నడిచే పెద్ద కంప్యూటర్‌ని వేరే విభాగంవాళ్ళు పట్టుకుపోయారు.

"ప్రోగ్రాం ఇస్తాను, టోపీ ఇస్తాను. నేను ఇచ్చానని ఎక్కడా అనకు," అంది హైమవతి. "లెక్కలన్నీ గ్రాఫిక్స్ కార్డే చేస్తుంది, అది మంచిదున్న గేమింగ్ లాప్‌టాప్ ఉంటే నడుస్తుంది. కాకపోతే నెమ్మదిగా."

వేడెక్కి ఆగిపోతోందని ఎవరో షాపులో వదిలేసుకున్న గేమింగ్ లాప్‌టాప్ ఒకటి ఝాన్సీ దగ్గరుంది. దాన్ని విప్పి, ఫ్యాన్లలో పేరుకున్న దుమ్ము ఊదేసి, చిప్పు వేడిని లాగేసే పేస్టు ఎండి గట్టిపడి ఉంటే గీకి కొత్తది పూసింది. అది నడిచింది. మాటకి తొమ్మిది సెకన్ల చొప్పున నడిచింది.

మొదటివారమే రేవు నుంచి స్నేహితుడు గోవిందు చూడ్డానికి వచ్చాడు.

"ఎలా ఉన్నావురా?" అన్నాడు మంచం పక్కన కూర్చుని.

లాప్‌టాప్ చాలాసేపు ఊరుకుని "పాట" అంది. ఇంకాసేపటికి "ఎవరు" అంది. గోవిందుకి ఆ ఎదురుచూపు ఇబ్బందిగా తోచి, తన కూతురి పెళ్ళి కబురు ఎత్తుకున్నాడు. పిల్లాడిది యానాం, మంచి కుటుంబం అని చెబుతుండగా, లాప్‌టాప్ నూకరాజు గొంతుతో గట్టిగా "పాడతన్నారు?" అంది. గోవిందు పకపకా నవ్వాడు. ఝాన్సీకీ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక చూస్తే, నూకరాజు కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

ఆ తర్వాత రెండు రోజులు టోపీ పెడతానంటే రెప్ప రెండుసార్లు ఆర్పాడు.

మూడోరోజు ఝాన్సీ మంచం పక్కకి స్టూలు లాక్కుంది.

"బావా, ఇది నీ రేవు లాంటిదే," అంది. "నీ తల్లోంచి బుట్టలు దిగుతున్నాయి. ఈ కార్డు పాట నడుపుతోంది. బుట్టలు దిగే వేగం కంటే పాట వేగం ఒక్క పిసరు తక్కువైనా బుట్టలు పేరుకుపోతాయి గదా? అదే జరుగుతోంది. పాట ఆ పిసరు దాటిందంటే రేవు ఖాళీ అయిపోద్ది. నేను దీని వేగం పెంచుతాను. పెంచనా?"

రెప్ప ఒకసారి ఆర్పాడు.

కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో కార్డుని పరిగెత్తించడం ఝాన్సీకి కొత్త కాదు. ఆటలాడేవాళ్ళు తెచ్చిన లాప్‌టాప్‌లకి ఎన్నోసార్లు చేసింది. ఆశకి పోయి ఒక్కసారే పెంచి కార్డులు పాడుచేసుకున్నవాళ్ళనీ చూసింది. అందుకే పదిహేను మెగాహెర్ట్జ్ పెంచి అరగంట పరీక్షించేది. నిలబడితే మరో పదిహేను. వేడి తగ్గడానికి వోల్టేజి కొంచెం కొంచెం దించింది. లాప్‌టాప్ కింద రెండు చెక్కముక్కలు పెట్టి గాలి ఆడేలా చేసింది, పక్కన టేబుల్ ఫ్యాను పెట్టింది. ఎనభై డిగ్రీలు దాటితే దానంతట అదే వేగం తగ్గేలా హద్దు పెట్టింది. ఒకచోట తెర మీద రంగుచుక్కలు కనబడ్డాయి. వెంటనే రెండు మెట్లు వెనక్కి వచ్చి, అక్కడ ఆపింది. బాగా బరువైన ఆటని మూడుగంటలపాటు ఆపకుండా నడిపించింది. బొమ్మ చెదరలేదు, మెషీన్ ఆగలేదు. వేడి డెబ్భైఆరు దాటలేదు. ఇంతకంటే జాగ్రత్తగా ఎవరూ చెయ్యలేరని తనలో తాను అనుకుంది. అది నిజమే కూడా.

టోపీ పెట్టింది.

"ఏయ్ ఝాన్సీ," అంది లాప్‌టాప్ వెంటనే. "ఆ ఫ్యాను నా మొహమ్మీద కాదే, కాళ్ళ మీదకి తిప్పు. ఏడాదిన్నర నుంచి చెబుదామనుకుంటన్నాను."

ఝాన్సీ ఫ్యాను తిప్పలేదు. నేల మీద కూలబడి, పరుపులో మొహం దాచుకుని ఏడ్చింది. "ఏడుపు తర్వాత, ముందు ఫ్యాను," అంది లాప్‌టాప్.

ఆ నెల రోజులూ ఇంట్లో ఒకటే సందడి. ఉప్పాడ నుంచి నూకరాజు అక్క సత్తెమ్మ వచ్చింది. భర్త పోయాక ఆవిడ ఒక్కతే ఉంటోంది. తమ్ముడి గొంతు విని, మంచం చుట్టూ మూడుసార్లు తిరిగి, టోపీకి బొట్టు పెట్టింది. ఆవిడ వండిన గోంగూర రొయ్యల కూర వాసన రాగానే నూకరాజు దానికి వేలం మొదలెట్టాడు. వీధిలోవాళ్ళు గుమ్మంలో నిలబడి పాట పాడారు. గోవిందు మళ్ళీ వచ్చి, తిట్లు తిని, సంతోషంగా వెళ్ళాడు. అప్పుడప్పుడూ ఒక మాట పొల్లుపోయేది. "నీళ్ళు" అనాల్సిన చోట "నీలి" అనేది. నూకరాజు విసుక్కుని మళ్ళీ అనేవాడు. మనుషులం మనమే తడబడతాం, మెషీన్ ఎంత అనుకున్నారు.

జనవరి చివర్లో హైమవతి ఫోన్ చేసింది. పరిశోధనకి మళ్ళీ నిధులు దొరికాయట, కాని పనంతా పుణెలో. టోపీలు ఇళ్ళకి పంపుతారట. పెద్ద కంప్యూటర్లు ఇంటింటికీ ఇవ్వలేరు కనక మామూలు గేమింగ్ లాప్‌టాప్‌లతోనే నడపాలి.

"నువ్వు చేసింది మా ఇంజినీర్లు ఎవరూ చెయ్యలేదు ఝాన్సీ. ఎనిమిది నెలలు వచ్చి పనిచెయ్యి. ఆయన్ని అంత దూరం కదిలించడం మాత్రం ఊపిరితిత్తులకి మంచిది కాదు. అది నువ్వు ఆలోచించుకోవాలి."

సత్తెమ్మ విని, "నేనున్నాను గదే. ఎళ్ళిరా. ఆడు నాకు బరువా?" అంది.

ఆ సాయంత్రం ఝాన్సీ భర్త ఎదురుగా కూర్చుంది. చెప్పాల్సిందంతా చెప్పింది. ఎంత దూరమో, ఎన్నాళ్ళో, అక్క ఉంటానన్నదో, అన్నీ. చివరికి అడిగింది.

"ఎళ్ళమంటావా, వద్దంటావా?"

"ఎళ్ళు," అంది లాప్‌టాప్.

నూకరాజు ఆమెకేసి చూస్తూ ఉండిపోయాడు.

"నిజంగానా బావా?"

కొంచెం ఆగి, రెప్ప ఒకసారి ఆర్పాడు.

*

పుణెలో ఝాన్సీకి విడిగా ఒక బల్ల, దాని మీద పన్నెండు లాప్‌టాప్‌లు. అందరూ ఆమెని ఝాన్సీగారూ అని పిలిచేవారు. కాకినాడలో షాపు మూసేశాక ఆమెని పేరు పెట్టి పిలిచినవాళ్ళే తక్కువ. పొద్దున పనిలో కూర్చుంటే భోజనం సంగతి ఎవరో గుర్తుచేసేదాకా లేచేది కాదు. రోజూ సాయంత్రం ఇంటికి వీడియో కాల్ చేసేది. నూకరాజు ఆ రోజు రేవు కబుర్లు చెప్పేవాడు, ఆమె పుణె కబుర్లు చెప్పేది. మార్చిలో ఒకసారి వచ్చి రెండు రోజులుండి వెళ్ళింది. అంతా బాగానే ఉంది.

ఏప్రిల్‌లో పదకొండు లాప్‌టాప్‌లు పదకొండు ఇళ్ళకి వెళ్ళాయి. ప్రోగ్రాంకి ముందుగా వచ్చింది తెలుగే కనక, అన్నీ తెలుగు ఇళ్ళే. అన్నిటికీ ఝాన్సీ పెట్టిన వేగమే, ఝాన్సీ దించిన వోల్టేజే. పన్నెండోది ఆమె బల్ల మీద ఉండిపోయింది.

మే నెల మధ్యలో సోలాపూర్ నుంచి విఠల్ అనే ఆయన ఫోన్ చేశాడు. తాతల కాలంలో అక్కడికి వలసవెళ్ళిన నేతపనివాళ్ళ కుటుంబం. ఆయన కూతురు స్కూటర్ ప్రమాదంలో మాట పోగొట్టుకుంది.

"అమ్మా, ఒక చిన్న సంగతి. మా పాప నిన్న వాళ్ళమ్మని రాకు అంది. వాళ్ళమ్మ బాధపడింది. నాకెందుకో అనుమానమొచ్చి, రాకు అన్నావా తల్లీ అని అడిగాను. కాదని రెప్పలు కొట్టింది. రా అందట. ఈ మధ్య ఇలాంటివి రోజుకి రెండు మూడు వస్తున్నాయి. ఇక్కడ ఎండలు కూడా మండిపోతున్నాయి, అందువల్లేమో."

ఝాన్సీ ఫోన్ పెట్టేసి, బల్ల మీద మిగిలిన లాప్‌టాప్ తెరిచింది.

టోపీ పట్టుకున్న ప్రతి అలికిడీ, దానికి ఆ రోజు మెషీన్ పలికిన మాటా, రెండూ జంటగా దాచి ఉంటాయి. అలికిడి అదే అయితే మాట అదే రావాలి. ఈసారి, వచ్చేసారి, వందోసారి అదే రావాలి. ఆమె దగ్గర చేతికందేవి భర్తవే. మార్చిలో వచ్చినప్పుడు నకలు తెచ్చుకుంది. పన్నెండో లాప్‌టాప్‌ని కంపెనీ వేగానికి దించి, డిసెంబరు నుంచి మార్చి దాకా నూకరాజు అన్న మాటలన్నీ మళ్ళీ మొదటి నుంచి నడిపించింది. పాత మాటా కొత్త మాటా కలవని చోట ఆగి చూపించమంది.

మొదటిది ఆగింది. అప్పటి మాట "నీలి", ఇప్పటి మాట "నీళ్ళు". ఆమెకి తెలిసిందే. తర్వాత మరికొన్ని చిన్నచిన్నవి. వాటిని అప్పుడే నూకరాజు దిద్దుకున్నాడు.

తర్వాత జనవరి ఇరవై ఎనిమిది, సాయంత్రం. అప్పటి మాట "ఎళ్ళు".

ఇప్పటి మాట "ఎళ్ళకు".

ఝాన్సీ మళ్ళీ నడిపింది. "ఎళ్ళకు." మరో లాప్‌టాప్ తెప్పించి దాని మీద నడిపింది. "ఎళ్ళకు." నూకరాజు గొంతు ఆ గదిలో ఆ మాట పదేపదే అంటుంటే, పక్క బల్ల దగ్గరివాళ్ళు తలెత్తి చూశారు.

ఒక్క అక్షరం. కార్డు లోపల ఎక్కడో ఒక లెక్క, ఒక్క రెప్పపాటు, తప్పింది. కార్డు కాలలేదు, ఆగలేదు, తెర మీద చుక్క రాలేదు. ఆటలో అయితే గడ్డిపోచ రంగు ఒక క్షణం మారి ఉండేది, ఆడేవాడికి కనబడేది కూడా కాదు.

కాని నిజంగానా అని తను అడిగింది గదా? అతను రెప్ప ఒకసారే ఆర్పాడు గదా? అది మెషీన్ చెప్పింది కాదు, అతను చెప్పింది. ఎంత ఆలోచించినా ఆ ముడి విడలేదు.

హైమవతి గదిలోకి వెళ్ళి చెప్పింది. ఆవిడ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది.

"మనం అన్ని పరీక్షలూ చేశాం కదా ఝాన్సీ?"

"చేశామండీ. కార్డు కాలిపోతుందా, ఆగిపోతుందా అని చేశాం. లెక్క తప్పుతుందా అని చెయ్యలేదు. నాకు తట్టలేదు. చలికాలంలో నూటికి ఒకటో అరో తప్పింది. ఈ ఎండలకి ఎన్ని తప్పుతున్నాయో."

"పదకొండు ఇళ్ళు," అంది హైమవతి.

అన్ని మెషీన్లనీ కంపెనీ వేగానికి దించాలని నిర్ణయించారు. ఇళ్ళకి ఫోన్లు చెయ్యాల్సింది ఝాన్సీయే. కొందరు సరేనన్నారు. ఒకావిడ, అయితే మావారు విడాకుల మాట ఎత్తింది అబద్ధమా అని అడిగి, జవాబు వినకుండానే ఫోన్ పెట్టేసింది. విఠల్ మాత్రం ఒప్పుకోలేదు.

"వేగం తగ్గించకండమ్మా. తప్పులు రానివ్వండి. ప్రతి మాటా రెండోసారి అడుగుతాం, రెప్పలతో అడుగుతాం. మీరు తగ్గించారంటే మా పాప మాట్లాడ్డం మానేస్తుంది. మొదట్లో చూశాం గదా. మీరు తల్లిలాంటివారు, ఆ పని చెయ్యకండి."

రేపు మళ్ళీ ఫోన్ చేస్తానంది ఝాన్సీ. మర్నాడు ఆయన ఫోన్ ఎత్తలేదు.

అన్ని ఫోన్లూ అయ్యాక మిగిలింది తన ఇల్లు. నెల పైన అయింది ఆమె భర్త గొంతు విని. వీడియో కాల్ చేసిన ప్రతిసారీ సత్తెమ్మ "ఇందాకటిదాకా మాటాడాడే, మెషీన్ ఏడెక్కిందని ఆపాను" అనేది. ఎనభై దాటితే ఆపెయ్యమని నేర్పింది తనే కనక, ఝాన్సీకి అనుమానం రాలేదు. అనుమానం రాకపోవడం తనకి వీలుగా ఉందేమోనని ఇప్పుడు తోచింది.

"వదినా," అంది ఫోన్‌లో. "బావ ఎన్నాళ్ళ నుంచి మాట్లాడ్డంలేదు?"

"నువ్వు రాయే," అంది సత్తెమ్మ. "ఫోన్లో నేను చెప్పలేను."

*

కాకినాడలో దిగేసరికి ఎండ పెళపెళలాడుతోంది. సత్తెమ్మ గుమ్మంలోనే ఉంది. మనిషి సగమైపోయింది. ముందుగదిలో బీరువా మీద లాప్‌టాప్ మూసి ఉంది. దాని మీద తువ్వాలు, తువ్వాలు మీద టోపీ.

"నలభై రోజులైంది," అంది సత్తెమ్మ. "జావ పడతన్నాను. నాలుగు చెంచాలు తాగాడు. చావక్కా అన్నాడే నన్ను. ఆడి గొంతుతోనే అన్నాడు. నేను పెంచిన తమ్ముడు. ఏంట్రా అంటే ఏదేదో అన్నాడు, తలా తోకా లేదు. మర్నాడూ అంతే. మతి చెడిందనుకున్నాను. ఆపేశాను. టోపీ కేసి చూత్తానే ఉంటాడు, పెట్టమని. నేను పెట్టలేదు. నీకు చెబితే పని వదిలేసి వచ్చేత్తావని భయం. అలాంటి మాట నా తమ్ముడన్నాడని ఎవరికి చెప్పుకోను?"

ఝాన్సీ లోపలి గదిలోకి వెళ్ళింది. నూకరాజు చూపు ఆమె మీదకి వచ్చి ఆగిపోయింది. గడ్డం పెరిగింది. ఆమె అతని నుదుటి మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. తర్వాత లాప్‌టాప్ తెచ్చి, మంచం పక్కన బల్ల మీద పెట్టి, తను పెంచిన వేగమంతా తీసేసింది. దించిన వోల్టేజి మళ్ళీ ఎక్కించింది. నలభై రోజుల కిందటి అలికిడి తెరిచి, సత్తెమ్మని పిలిచింది.

"వదినా, ఇలా వచ్చి కూర్చో. ఆ రోజు బావ అన్నదే మళ్ళీ వింటావు. నెమ్మదిగా వస్తుంది, ఓపిక పట్టు."

ముగ్గురూ ఎదురుచూశారు. లాప్‌టాప్ ఫ్యాన్లు సన్నగా తిరుగుతున్నాయి.

"చాలక్కా," అంది నూకరాజు గొంతు.

సత్తెమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

"నువ్వు," అంది గొంతు. మళ్ళీ తొమ్మిది సెకన్లు. "తిన్నావా?"

సత్తెమ్మ కింద కూర్చుని తమ్ముడి పాదాల మీద తల పెట్టింది. "నోరు కట్టేశాన్రా నీకు," అంది. "నలభై రోజులు నీ నోరు కట్టేశాను." నూకరాజు రెప్ప రెండుసార్లు ఆర్పాడు. ఆవిడ చూడలేదు. రెండుసార్లు ఆర్పాడు, మళ్ళీ రెండుసార్లు ఆర్పాడు, ఆవిడ తల ఎత్తేదాకా ఆర్పుతూనే ఉన్నాడు.

సత్తెమ్మ మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాక, ఝాన్సీ అతనికి టోపీ పెట్టి, ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"జనవరిలో నేనడిగినప్పుడు నువ్వు ఎళ్ళకు అన్నావు. ఇది ఎళ్ళు అంది. నువ్వు విన్నావు గదా బావా?"

ఒకసారి ఆర్పాడు.

"నిజంగానా అని అడిగాను. అప్పుడు కూడా అవునన్నావు. ఎందుకు?"

ఆమె కదలకుండా కూర్చుంది. నలభై రోజుల తర్వాత అతని మొదటి మాట "నీ" అని వచ్చింది. తొమ్మిది సెకన్లు. "మొహం." తొమ్మిది సెకన్లు. "చూశాను."

"ఏం చూశావు?"

"ఎళ్ళు" అంది లాప్‌టాప్. "అనగానే." పెరట్లో కుళాయి తిప్పిన చప్పుడైంది, ఆగింది. "మెరిసింది."

ఝాన్సీ స్టూలు ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

"రెండేళ్ళు." "చూళ్ళేదు." "అలా." ప్రతి మాటకీ మధ్య ఆమె అతని కళ్ళలోకి చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. తప్పించుకోవడానికి ఇంకో పని లేదు. "దిద్దబుద్ధి." "కాలేదు."

"అది నువ్వన్న మాట కాదు!" అంది ఆమె. గొంతు లేచింది. "నీ మాట అనుకుని వెళ్ళాను. ఈ కార్డుముక్క తప్పుడు లెక్క చేస్తే దాన్ని పట్టుకుని నాలుగు నెలలు అక్కడ బతికాను, నువ్విక్కడ నోరు కట్టేసుకుని పడున్నావు. నాకు చెప్పాలి గదా? నీది కాని మాట నాకెందుకిచ్చావు?"

చాలాసేపు ఫ్యాన్ల చప్పుడే వినబడింది.

"నాదే," అంది లాప్‌టాప్. ఆమె ఆగింది. ఇంకా ఏదో వస్తుందని తెలుసు. "చేసుకున్నాను."

ఝాన్సీ లేచి కిటికీ దాకా వెళ్ళి, తిరిగొచ్చింది. పుణెలో ఆమె బల్ల అలాగే ఉంది. లెక్క తప్పకుండా వేగం ఎంతవరకు పెంచవచ్చో మొదటి నుంచీ తేల్చాలి. పదిరోజుల్లో వస్తేనే పని తనదని, లేకపోతే ఇంకొకరికి అప్పగించక తప్పదని హైమవతి చెప్పి పంపింది. విఠల్ కూతురు గుర్తొచ్చింది. ఆ పని తనకంటే బాగా ఎవరూ చెయ్యలేరని ఆమెకి తెలుసు. నూకరాజుకీ తెలుసు. అందుకే మళ్ళీ అడగాలి, అడిగితే మళ్ళీ అతను తన మొహమే చూస్తాడు.

ఆమె అతని తలవైపుకి వెళ్ళింది. మంచానికి వెనక, అతని చూపు అందని చోట నిలబడి, రెండు చేతులూ అతని భుజాల మీద వేసింది.

"బావా, మళ్ళీ అడుగుతాను. ఈసారి నా మొహం నీకు కనబడదు. దాన్ని బట్టి చెప్పకు. నీకేం కావాలో అదే చెప్పు. నన్ను మళ్ళీ పుణె ఎళ్ళమంటావా, వద్దంటావా?"

లాప్‌టాప్ మౌనంగా పనిచేసుకుపోతోంది. ఎంతో నెమ్మదిగా, ఒక్క లెక్కా తప్పకుండా. ఝాన్సీ లోలోపల అంకెలు లెక్కపెట్టింది. తొమ్మిది దాటింది. పద్దెనిమిది దాటింది. అతను ఇంకా మాట మొదలుపెట్టలేదన్నమాట. అరచేతుల కింద అతని భుజాలు ఊపిరికి లేస్తూ పడుతూ ఉన్నాయి.

"ఉండు," అంది నూకరాజు గొంతు.

ఝాన్సీ కళ్ళు మూసుకుంది. తను వెనక నిలబడటమే మంచిదైంది. ఆ మాట వినబడగానే తన మొహంలోంచి ఏది జారిపోయిందో ఆమెకి తెలుసు. అది అతను చూసి ఉంటే ఈ మాట కూడా మార్చుకునేవాడు.

కొంగుతో మొహం తుడుచుకుని, రెండుసార్లు ఊపిరి పీల్చి, మంచం చుట్టూ తిరిగి అతని ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అలాగే," అంది. "ఉంటాను."

అతను ఆమె మొహాన్ని చాలాసేపు పట్టి చూశాడు. ఝాన్సీ దాన్ని కదలనివ్వలేదు.